మిల్లు ఆగినా ఆగని ఇసుక

అక్టోబరు చివరి సాయంత్రం. అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన గే అనే చిన్న ఊరు. సుపీరియర్ సరస్సు ఒడ్డున అడుగేస్తే కాలి కింద ఇసుక కరకరమంటోంది. గుప్పెడు తీసి చూడండి. నల్లబూడిద రంగు, గరుకు అంచుల పలుకులు. ఏరు అరగదీసిన ఇసుక కాదిది, ఆవిరి సుత్తులు చితక్కొట్టిన రాయి.

వెనక్కి తిరిగితే పాత మిల్లు పొగగొట్టం. 1932 వరకు మూడు దశాబ్దాలపాటు మొహాక్, వుల్వరిన్ మిల్లులు ఇక్కడ రాతిని పిండిచేసి, రాగి తీసుకుని, మిగతాదంతా సరస్సులోకి పారబోశాయి. దాదాపు 2.3 కోట్ల టన్నులు! మిల్లులు మూతపడ్డాక మోసే పని అలలు అందుకున్నాయి. ఇదిగో, మీ కళ్లముందే ఒక అల ఒడ్డున మిగిలిన ఇసుక గుట్ట అంచును కొరికింది. నల్లటి నీళ్లు ఒడ్డు వెంబడి దక్షిణానికి సాగాయి.

అటే ఉంది బఫెలో రీఫ్. రీఫ్ అన్నారని పగడాలు ఊహించుకోకండి, అది 2,200 ఎకరాల రాళ్ల దిబ్బ. పడవలోంచి కెమెరాను తాడుతో దించితే తెర మీద పిడికెడంతవీ తలకాయంతవీ గుండ్రాళ్లు, వాటి మధ్య చీకటి సందులు. లేక్ ట్రౌట్ చేప వచ్చేది ఆ సందుల కోసమే. గూడు కట్టదు, కాపలా కాయదు. రాత్రివేళ గుడ్లు వదిలి తన దారిన పోతుంది. సందుల్లోకి జారిన గుడ్లు చలికాలమంతా అక్కడే ఉండి వసంతంలో పిల్లలవుతాయి.

పడవ ఉత్తరానికి జరిగింది. తెర మీద రాళ్లు మాయం, అంతా నల్లటి చదును. సందులు పూడిపోయాయి. పైగా పలుకుల్లో మిగిలిన రాగి నీళ్లలోకి దిగి, చేపపిల్లలు తినే పురుగులను బతకనివ్వదు. దిబ్బలో మూడో వంతుకు పైగా గుడ్లకు పనికిరాకుండా పోయిందని అంచనా.

ఈ చేపల మీద హక్కున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వంతో 1842లో చేసుకున్న ఒప్పందంలో ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు ఈ భూమిని వదులుకున్నారు గానీ వేటాడే, చేపలు పట్టే హక్కును వదులుకోలేదు. చేపలే లేనప్పుడు ఆ హక్కును ఏ వలతో పట్టుకోవాలి?

దిబ్బకు ఉత్తరాన సరస్సు అడుగున ఒక పాత పల్లం ఉంది. ఇన్నాళ్లూ ఇసుకను మింగి దిబ్బను కాచింది అదే. అది నిండిపోయాకే ముప్పు ముదిరింది. దాన్నీ, పక్కనున్న గ్రాండ్ ట్రావర్స్ రేవునూ డ్రెడ్జర్లతో తోడారు. తోడాల్సిందే, సందేహం లేదు. కానీ గుట్ట ఒడ్డునే ఉన్నంతకాలం పల్లం మళ్లీ నిండుతుంది. ఆ గుట్టను ఎత్తి, అల అందని చోట పూడ్చడమే అసలు పని. రాగి అమ్ముకున్న కంపెనీలు ఏనాడో పోయాయి కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడు జనం సొమ్ములోంచే రావాలి.