సిద్ధాంతము, నియమము: బుధగ్రహం చూపిన భేదం

"అది కేవలం సిద్ధాంతం, ఇంకా నియమం కాలేదు" అని డార్విన్ పరిణామవాదాన్ని గూర్చి ఆధ్యాత్మిక సభలలో తరచుగా వినవస్తుంది. సిద్ధాంతం బాల్యావస్థ అనీ, అది పరిపక్వమైతే నియమమవుతుందనీ ఈ మాటలోని భావం. అదే వక్తలు మాయావాదానికి ఉపపత్తిగా సాపేక్ష సిద్ధాంతాన్ని ఉదాహరించేటప్పుడు మాత్రం "కేవలం" అనే విశేషణం వారికి స్ఫురించదు.

గౌతముని న్యాయసూత్రాలలో చెప్పిన షోడశ పదార్థాలలో సంశయం మూడవది, సిద్ధాంతం ఆరవది. ప్రమాణబలంతో నిలిచిన అర్థానికే అక్కడ సిద్ధాంతమని పేరు, ఊహకు కాదు. ఆధునిక విజ్ఞానంలోనూ ఊహకు పరికల్పన అనే వేరొక సంజ్ఞ ఉన్నది. ఇక నియమమంటే ఏమిటో గ్రహగతుల చరిత్రలో చూడవచ్చును.

టైకో బ్రాహీ దూరదర్శిని లేని కాలంలో, కంటితోనే చేసిన గ్రహవేధలు యోహానెస్ కెప్లర్‌కు లభించాయి. కుజునికి వృత్తకక్ష్యను కల్పించి గణిస్తే, దృష్టస్థానానికి 8 కలల అంతరం వచ్చింది. అది పూర్ణచంద్రబింబ వ్యాసంలో నాలుగవ వంతు మాత్రమే. కెప్లర్ దానిని ఉపేక్షింపక వృత్తాన్నే త్యజించి, గ్రహకక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించారు. గణితం దృష్టితో కలియాలని 1431లో దృగ్గణితాన్ని రచించిన కేరళీయ పరమేశ్వరుని ఎరిగినవారికి ఈ నిష్ఠ కొత్తది కాదు. 1619లో మూడవ నియమం వచ్చింది: గ్రహం యొక్క ప్రదక్షిణకాల వర్గం, సూర్యుని నుండి దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. ఈ నియమాలు గ్రహం ఎట్లు సంచరిస్తుందో చెబుతాయి, ఎందుకు సంచరిస్తుందో చెప్పవు. సూర్యునిలో అయస్కాంతం వంటి శక్తి కలదని కెప్లర్ హేతువును ఊహించారు. ఆ ఊహ నశించింది, నియమాలు మిగిలాయి.

1687లో న్యూటన్ తన గురుత్వ నియమంతో వాటిని సమన్వయించారు. అదీ నియమమే. గురుత్వానికి హేతువేమిటన్న ప్రశ్నకు, తాను ఊహలు కల్పించనని 1713 నాటి ద్వితీయ ముద్రణలో ఆయన స్పష్టం చేశారు.

ఆ నియమాన్నే నమ్మి, యురేనస్ గతిలోని వైషమ్యం నుండి లెవెరియే గణించిన చోటుకు 1 అంశ లోపలే 1846లో నెప్ట్యూన్ కనబడింది. ఆయనే 1859లో బుధుని పరిశీలించి విస్మయం చెందారు. బుధకక్ష్యలో సూర్యునికి అత్యంత సమీపమైన బిందువు, నియమం చెప్పినదానికంటె శతాబ్దానికి 38 వికలలు అధికంగా జరుగుతున్నది. తరువాతి గణనలో అది 43 అయింది. పూర్వవిజయం కలిగించిన ధైర్యంతో మరొక అదృశ్యగ్రహాన్ని ఊహించి, దానికి వల్కన్ అని నామకరణం కూడా చేశారు. అది ఎన్నడూ దొరకలేదు.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ హేతువునే మార్చారు. ద్రవ్యం వలన దేశకాలాలు వక్రిస్తాయి, ఆ వక్రతయే మనకు ఆకర్షణగా తోస్తుంది. ఏ నూతన గ్రహమూ లేకుండానే ఆ 43 వికలలు గణితం నుండి స్వయంగా వెలువడ్డాయి. లోపం బయటపడినది నియమంలో, దానిని సరిదిద్దినది సిద్ధాంతం. శతాబ్దం గడచినా ఆ సిద్ధాంతం నియమమనే పదోన్నతిని పొందలేదు, కోరనూ లేదు. హేతువును వివరించడం ఒక పని, గతిని సూత్రీకరించడం మరొక పని. చంద్రుని వద్దకు నౌకను పంపడానికి న్యూటన్ నియమం నేటికీ దాదాపు చాలును. బుధుని కక్ష్యను సూక్ష్మంగా గణించాలంటే మాత్రం ఐన్‌స్టీన్ సిద్ధాంతం కావలసినదే.