నాలుక కింది తిత్తి: క్షారం నుంచి పట్టుదారం వరకు

నాలుక కింద లాలాజలం చేరి ఉబ్బే తిత్తికి వైద్యశాస్త్రంలో రాన్యులా అని పేరు. లాటిన్‌లో చిన్న కప్ప అని అర్థం. సుశ్రుతసంహితలోని ఉపజిహ్విక ఇదేనని పలువురు భావించారు. నాలుకను పైకెత్తే వాపు అన్న వర్ణన సరిపోతుంది గాని, అక్కడ చెప్పిన దురద, మంట సాధారణంగా నొప్పిలేని రాన్యులాకు పొసగవు. ఆ గ్రంథం విధించిన చికిత్స లేఖనం, ఆపై క్షారప్రతిసారణం.

తిత్తిని కోసి ఖాళీ చేసినా, కోత అంచులు అతుక్కొని, గ్రంథి స్రవిస్తూనే ఉండటం వల్ల అది తిరగబెడుతుంది. 1995లో మోర్టన్, బార్ట్లీ తిత్తి పైభాగం గుండా పట్టుదారం వేసి ఉంచే పద్ధతిని సూచించారు. దారం వెంట ఉపకళ పెరిగి లాలాజలానికి కొత్త దారి ఏర్పడుతుంది. 2000లో డెల్బెమ్ బృందం పిల్లల నోటి శ్లేష్మతిత్తులకు దీనిని వాడి, కుట్టును 7 రోజులు ఉంచింది; 2007లో సాండ్రిని బృందం కుట్లను పెంచి, గడువును 30 రోజులు చేసింది. దారం కంటే ఈ వ్యవధే కీలకమనాలి. మెడలోకి దిగిన రాన్యులాకు మాత్రం ఇది చాలదు. అక్కడ నాలుక కింది లాలాగ్రంథినే తొలగిస్తారు.