జమీందారు డబ్బుతో జమీందార్ల మీద సినిమా: గూడవల్లి రామబ్రహ్మం కథ

ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఒక సినిమా తీస్తున్నారు. అందులో జనాన్ని పీడించేది జమీందారు. డబ్బు పెట్టేది కూడా ఒక జమీందారే. కథ మారుస్తారా? డబ్బు వద్దంటారా? 1939లో ఒక తెలుగు దర్శకుడు డబ్బు తీసుకున్నారు, కథ మాత్రం మార్చలేదు. ఆయనే గూడవల్లి రామబ్రహ్మం.

నిజం చెప్పాలంటే చాలాకాలం నాకు ఈ పేరే తెలీదు. పాత తెలుగు సినిమా అంటే మాయాబజార్, అంతకు ముందువన్నీ పురాణాలే అనుకునేవాణ్ణి. అది సగం నిజమే. మన మొదటి టాకీ 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద. తర్వాత కొన్నేళ్ళు దాదాపు అదే వరస. ఎందుకంటే జనానికి ఆ కథలు ముందే తెలుసు, నిర్మాతకి భయం తక్కువ.

రామబ్రహ్మం గారిది కృష్ణా జిల్లా. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికా మనిషి. మద్రాసులో ప్రజామిత్ర అనే పత్రిక నడిపారు. ఊళ్ళో ఏం జరుగుతోందో దాన్నే తెర మీదకి తేవాలనుకున్నారు. సారథి ఫిలిమ్స్ మొదలైంది. దాని వెనక డబ్బు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారిది.

1938లో మొదటి సినిమా వచ్చింది: మాలపిల్ల. కథ చలం గారిది. మాటలు తాపీ ధర్మారావు గారివి, అదీ జనం మాట్లాడుకునే భాషలో. గుడి పూజారి కొడుకు, మాలపల్లె అమ్మాయి ప్రేమించుకుంటారు. ఆ అమ్మాయిగా కాంచనమాల, పూజారిగా గోవిందరాజుల సుబ్బారావు. కథలో ప్రేమ ఒక్కటే కాదు, గుడిలోకి ఎవర్ని రానివ్వాలనే గొడవ కూడా ఉంది.

ఇక్కడ తేదీలు గమనించండి. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన 1936లో వచ్చింది. మన మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో. అంటే చట్టం కంటే సినిమా ఒక ఏడాది ముందు ఉంది!

అలాగని సినిమాని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దళితుల కథని వేరే కులాల వాళ్ళు చెప్పిన సినిమా ఇది. చివరికి పెద్దాయన మనసు మారితేనే దారి తెరుచుకుంటుంది. ఆయన మారకపోతే ఆ అమ్మాయి పరిస్థితేంటి? ఈ ప్రశ్న ఇప్పుడు మనం అడగాల్సిందే. కానీ అప్పట్లో ఆ పేరు పోస్టర్ మీద వెయ్యడానికే ధైర్యం కావాలి.

ఇక 1939, రైతుబిడ్డ. అప్పటి వాతావరణం చూడండి. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడిపోయింది. బొబ్బిలి రాజా వారినే వి.వి. గిరి ఓడించారు. రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రక్షణ యాత్ర చేశారు. జమీందారీ రైతుల కష్టాల మీద ప్రకాశం గారి కమిటీ విచారణ చేసింది. ఆ వేడిలో వచ్చిన సినిమా ఇది. జమీందారు చెప్పిన మనిషికి ఓటు వెయ్యనన్న ఒక చిన్న రైతు కథ. ఆ రైతు నర్సిరెడ్డిగా బళ్ళారి రాఘవ నటించారు. కొసరాజు గారి పాటలు సినిమాకి వచ్చింది కూడా దీంతోనే.

జమీందార్లకి కోపం వచ్చింది. కొన్ని జిల్లాల్లో సినిమాని నిషేధించారు. అంటే ఒక జమీందారు డబ్బుతో తయారైన సినిమాకి మిగతా జమీందార్లు అడ్డుపడ్డారు. నాకేమనిపిస్తుందంటే, జమీందార్లందరూ ఒకే మాట మీద ఉండే జట్టు కాదు. వాళ్ళ మధ్య ఉన్న ఆ సందులోంచే రామబ్రహ్మం తన కథని బయటికి తెచ్చారు. తర్వాత 1940ల్లో అదే చల్లపల్లి ఎస్టేటులో రైతులు భూమి కోసం పోరాడారు. రైతు కథకి డబ్బు పెట్టడం వేరు, రైతుకి భూమి వదలడం వేరు!

ఆ తర్వాత ఇల్లాలు, పత్ని, పంతులమ్మ లాంటివి తీశారు. చివరిది పల్నాటి యుద్ధం. ఈ కథ ఎందుకు తీసుకున్నారో ఆలోచించండి. బ్రహ్మనాయుడంటే మనకి గుర్తొచ్చేది చాపకూడు, అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినడం. మాలపిల్లలో గుడి తలుపు దగ్గర అడిగిన ప్రశ్నే మళ్ళీ ఇక్కడ అన్నం దగ్గరికొచ్చింది. కానీ సినిమా పూర్తి కాకముందే, 1946లో ఆయన చనిపోయారు. ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేశారు. 1947లో విడుదలైంది.

ఈసారి సినిమా చూసేటప్పుడు టైటిల్స్ స్కిప్ చెయ్యకండి. డబ్బు ఎవరిదో చదవండి. తర్వాత ఆ డబ్బు మాట వినకుండా దర్శకుడు ఏం చెప్పగలిగాడో వెతకండి. నేను రామబ్రహ్మం గారి దగ్గర నేర్చుకుంది అదే.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.