గుమ్మడికాయకు తొలి గాటు

ముప్పది నాలుగేండ్లు తెలుగు పండితునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అన్న సామెతకు అర్థం ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. కాని గుమ్మడికాయను గురించి నేను ఆలోచించనిది ఎంత ఉన్నదో 2023 అక్టోబరులో, నిర్మల్‌లోని మా ఇంటి వాకిట్లో, పదేండ్ల మనుమరాలి మూలంగా తెలిసివచ్చింది.

ఆ యేడు బతుకమ్మకని మా అమ్మాయి పిల్లలతో అమెరికానుంచి వచ్చింది. సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది, జమ్మి పంచుకోవడమూ అయింది. నెలాఖరు దగ్గరపడేసరికి మనుమరాలు దిగులుగా కూర్చున్నది. అక్కడ ప్రతి అక్టోబరు చివర ఇరుగుపొరుగు, స్నేహితులు ఒక ఇంట్లో చేరి గుమ్మడికాయలను తొలిచి, కన్నూముక్కూ చెక్కి, లోపల దీపం పెడతారట. ఈసారి అది లేకుండా పోయిందని బెంగ. "మనది కాని పండుగ మనకెందుకు?" అని మొదట నేనూ అన్నాను. పిల్ల ముఖం చూశాక సంతకు వెళ్ళి మూడు కాయలు తెచ్చాను.

31వ తేదీ సాయంత్రం మా అక్కయ్య కుటుంబం, పక్కింటి పిల్లలు, నా పాత శిష్యుడొకడు వచ్చారు. ఆ శిష్యుడు కొయ్యబొమ్మల పనివాడు. తేలికైన పొనికి కర్రను చెక్కి, అతుకులను చింతగింజల లప్పంతో, రంపపు పొట్టుతో పూడ్చి, రంగులు వేసి, పండ్లూ కాయగూరలూ నిజమైనవే అనిపించేటట్టు చేసే ఊరు మాది. చెక్కుడు పని అనగానే నాకు అతడే గుర్తుకు వచ్చాడు. పాత సంచిలో ఉలులు వేసుకొని వచ్చాడు.

కాయలను చాపమీద పెట్టాము. మనుమరాలు కత్తి అందుకున్నది. అంతలో లోపలినుంచి మా ఆవిడ, "ఆగు బిడ్డా! ఆడపిల్ల మొదటి గాటు పెట్టద్దు. తాత పెడతడు, తర్వాత నువ్వు కొయ్యి" అన్నది. అక్కయ్య కూడా అవునన్నది.

ఈ ఆచారం చాలామంది చదువరుల ఇళ్ళలో ఉండే ఉంటుంది. నిండు గుమ్మడికాయకు మగవాడు తొలి గాటు పెట్టాలి, ఆ తర్వాతే ఆడవాళ్ళు ముక్కలు కోసుకోవాలి. నాకిది చిన్ననాటి మాట. మా నాయన పోయేనాటికి అమ్మకు ఇరువది ఆరేండ్లు, నాకు నాలుగు. ఇంట్లో మగదిక్కు నేనే. గుమ్మడికాయ వండేనాడు అమ్మ నా చేతిని కత్తిపీట మీది కాయపై ఆనించి, తన చేతితో నొక్కేది. ఆమె బలంతోనే కాయ తెగేది. తెగినది మాత్రం నా చేతితో అయినట్టు. నేను చదువుకు పట్నంలో వసతిగృహానికి వెళ్ళిన తర్వాత, కాయ ఒడిలో పెట్టుకొని వాకిట్లో కూర్చుని, దారిన పోయే ఏ పిల్లవాడైనా వస్తాడా అని చూసేదట. ఒక్కొక్కనాడు పొద్దుగూకేదాకా ఎవరూ వచ్చేవారు కాదట. ఈ మాట ఆమె నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వుతూ విన్నాను.

"ఎందుకు పెట్టద్దు తాతా?" అని మనుమరాలు అడిగింది. ఆమె అడిగింది నన్ను, నేను పండితుణ్ణి. జవాబు చెప్పాలి కదా!

మొదట తోచింది బలి సంగతి. పశువుకు బదులు కూష్మాండాన్ని బలి ఇవ్వడం పాత మాట. కాళికాపురాణం దానిని బలిద్రవ్యాలలో చేర్చింది. నేటికీ ఆయుధపూజనాడు యంత్రాల ముందు, గృహప్రవేశంనాడు గడపముందు కాయను పగులగొట్టి కుంకుమ చల్లుతున్నాము. ఆ కుంకుమ నెత్తురుకు గుర్తు. కాయ పశువైతే కత్తి పట్టినవాడు బలి ఇచ్చేవాడు. ఆ పని మగవానిది అన్న నియమమే వంటింటిదాకా వచ్చి ఉంటుందని నా ఊహ.

చెప్పుతూ ఉండగానే నాకొక సందేహం పుట్టింది. కూష్మాండమంటే బూడిదగుమ్మడి. దిష్టికి కట్టేది, వడియాలు పెట్టుకునేది అదే. సామెతలోని దొంగ కూడా ఆ కాయనే ఎత్తుకుపోయాడు. ముదిరిన బూడిదగుమ్మడిమీది తెల్లని పొడి భుజానికి అంటుకుంటుంది కనుకనే తడుముకున్నాడు. ఎర్రగుమ్మడికి ఆ పొడి ఏది? మా చాపమీద ఉన్నవి ఎర్రగుమ్మడి కాయలు.

ఈ ఎర్రగుమ్మడి మన దేశపుది కాదు. పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని వహాకా ప్రాంతపు ఒక గుహలో దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏండ్లనాటివని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1492లో కొలంబసు ప్రయాణం తర్వాతనే అది సముద్రాలు దాటింది. మిరపకాయ వచ్చిన దారి కూడా అదే. బూడిదగుమ్మడి మాత్రం ఆసియాది, మనకు ఎంతో ముందునుంచీ తెలిసినది.

ఇక పేరు సంగతి. మలయాళంలో కుంబళమంటే నేటికీ బూడిదగుమ్మడే. ఎర్రకాయకు మత్తన్ అని వేరే పేరు. తెలుగులో అట్లా జరుగలేదు. కొత్తగా వచ్చిన కాయ గుమ్మడి అన్న పేరును సొంతం చేసుకున్నది. పాతకాయను గుర్తుపట్టడానికి 'బూడిద' అని ముందు తగిలించవలసి వచ్చింది. చుట్టం ఇంటిపేరు పుచ్చుకొని, ఇంటివానికి మారుపేరు పెట్టినట్టయింది. పేరుతోపాటు పాతకాయమీద ఉన్న కట్టుబాటు కూడా కొత్తకాయకు అంటుకున్నదని నాకు తోస్తున్నది.

విచిత్రమేమంటే, పడమటి దేశాలలోనూ ఈ కాయ ఇదే పని చేసింది. హాలోవీన్ అనేది నవంబరు 1నాటి సకల పునీతుల పండుగకు ముందటి రాత్రి. ఐర్లండు, స్కాట్లండులలో ఆ రాత్రి దయ్యాలను పారదోలడానికి చెక్కినది గుమ్మడికాయను కాదు, టర్నిప్ దుంపను. అట్లాంటి దుంప దీపానికి తీసిన అచ్చు ఐర్లండులోని మేయో జిల్లా మ్యూజియంలో ఉన్నది. దాని ముఖం చూస్తే పెద్దవాళ్ళే జడుసుకుంటారు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో సుమారు పది లక్షలమంది చనిపోగా, లక్షలమంది అమెరికాకు వలసపోయారు. అక్కడ దుంపకంటె పెద్దది, తొలవడానికి సులువైనది గుమ్మడికాయ దొరికింది. దుంప వెనుకబడింది, కాయ దీపమయింది. అక్కడ దుంప పనిని, ఇక్కడ కూష్మాండపు పేరును తీసుకున్నది ఒకే కాయ!

మన బతుకమ్మలో చూడండి. తంగేడు మన నేలది. బంతి మెక్సికోది. తాంబాళంలో పరిచే గుమ్మడి ఆకులు, శిఖరాన నిలిపే గుమ్మడిపువ్వు ఆ ఎర్రగుమ్మడివైతే అవీ వలస వచ్చినవే. సంక్రాంతి గొబ్బెమ్మల మీది పువ్వు సంగతీ అంతే. పువ్వును గౌరమ్మ దగ్గర నిలిపే చేతులకు కాయమీద కత్తి పెట్టే అధికారం లేదంటున్నాము.

నేను ఇదంతా పాఠంలాగా చెప్పి ముగించాను. పిల్లలు సగం విన్నారు. మా ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి మొత్తం విన్నది. "అట్లయితే అత్తమ్మ వాకిట్ల కూసున్నది ఉత్తగనేనా?" అన్నది.

నాకు మాట రాలేదు. అమ్మ నవ్వుతూ చెప్పిన మాట ఏబదేండ్ల తర్వాత అప్పుడు నాకు వినబడింది.

మా ఆవిడ వచ్చి చాపమీద కూర్చున్నది. మనుమరాలి చేతిని కత్తిమీద పెట్టి, దానిపై తన చేయి వేసి నొక్కింది. మన కాయ కండ దిట్టం, ఒక పట్టాన తెగలేదు. రెండోసారి నొక్కితే దిగింది. అక్కయ్య ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాతి పని శిష్యునిది, పిల్లలది. గోడ మందంగా ఉండటంవల్ల వెలుగు బయటికి రాదని, అతడు లోపలి కండను ఉలితో పలుచగా గీకాడు. ఒకచోట పన్ను విరిగితే పక్కింటి పిల్లవాడు లప్పం పెట్టమన్నాడు. "కర్ర తప్పితే లప్పం పెడతం గాని, కాయ తప్పితే కూరే" అన్నాడు అతడు. అందరమూ నవ్వాము. చీకటి పడ్డాక మూడు ముఖాలలో మూడు ప్రమిదలు వెలిగించి అరుగుమీద పెట్టాము. గీకిన కండ పులుసుకు పోయింది, గింజలు చేటలో ఎండకు పోయాయి.

అక్కయ్య ఆ రాత్రి ఆ పులుసు ముట్టలేదు. నేనామెను తప్పుపట్టను, ఆమెకు ఆ కట్టుబాటు నేర్పినది కూడా మా అమ్మే. మా గుమ్మానికి బూడిదగుమ్మడి ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నది, దానిని తీయవలసిన అవసరమూ మాకు కనబడలేదు. వంటింట్లోకి వచ్చిన ఎర్రగుమ్మడికి మాత్రం ఆనాటినుంచి మా ఆవిడ నాకోసం ఎదురుచూడటం లేదు.

మీ ప్రాంతాలలో ఈ తొలి గాటు ఆచారం ఏ గుమ్మడికి ఉన్నదో, దానికి పెద్దలు ఏ కారణం చెప్పేవారో తెలియజేయ మనవి. సెలవు.