పేరు పిలిచే వేళ

రైలు రాకముందు మెట్ట ఊళ్లకు ఉప్పు నడిచి వచ్చేది. తీరాన కొఠార్లలో ఉప్పు కొని, ఎద్దుల మీదా గాడిదల మీదా పెరికెలు వేసుకుని ఎరుకల బిడార్లు లోనాడుకు బయల్దేరేవి. పల్నాడు లాంటి సీమల్లో ఉప్పు దించి, బదులుగా ధాన్యం ఎత్తుకుని మళ్లీ తీరం బాట పట్టేవి. ఉప్పు మోసినవాళ్లు ఉప్పెరుకలయ్యారు. వెదురు దబ్బలతో బుట్టలు, చేటలు అల్లినవాళ్లు దబ్బెరుకలు, కరివేపాకు అమ్మినవాళ్లు కరివేపాకెరుకలు, కావడి మోసినవాళ్లు కావడెరుకలు. పని పేరే ఇంటి గుర్తు. ఆ పేర్లలో ఒక్కటీ దొంగతనాన్ని సూచించేది కాదు. వాళ్ల చరిత్ర చెప్పేటప్పుడు ముందుగా పలకాల్సిన పేర్లు ఇవే.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ బతుకు కుప్పకూలింది. రైళ్లు ఉప్పును, గింజలను ఎత్తుకుపోయాయి. ఉప్పు మీద సర్కారు పన్ను, కట్టడి బిగిశాయి. అడవి చట్టాలొచ్చి పశువుల మేతకు, బుట్టల వెదురుకు అడ్డం పడ్డాయి. దారుల మీద బతికినవాళ్లకు దారి లేకుండా పోయింది. చేతిలో పనిలేని సంచారులంటే దొరలకు అనుమానం. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఫలానా కులంలో పుడితే చాలు, నేరం చేయకపోయినా పోలీసు పుస్తకంలో పేరెక్కేది, వేలిముద్ర పడేది.

1913లో చీరాల, బాపట్ల మధ్య ఇసుక నేలల మీద ఎరుకల కోసం ఒక సెటిల్మెంట్ వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. స్టువర్టుపురం అలా పుట్టింది. సీతానగరం, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప కూడా అదే కోవలోవి. సెటిల్మెంట్ దాటి వెళ్లాలంటే చేతిలో పాసు ఉండాలి. హాజరు వేళ పేరు పిలిస్తే పలకాలి. పలకకపోతే అదే నేరం. పక్కనే చీరాలలో పొగాకు కంపెనీ వచ్చాక ఈ కట్టడిలో ఉన్న చేతులే దానికి కూలి చేతులయ్యాయి.

సెటిల్మెంట్లలో బడీ పెట్టారు. ఆ మాటను తీసిపారేయడం న్యాయం కాదు, అక్షరం వచ్చింది నిజం. కానీ అది ఏ చట్టం నీడన వచ్చిందో మరిచిపోవడం అంతకన్నా అన్యాయం. తల్లిదండ్రుల నుంచి పిల్లలను విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం ఆ చట్టం సర్కారుకిచ్చింది. తల్లి ఒడిని ప్రమాదంగా లెక్కగట్టిన చదువు అది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే సముద్రాల అవతల ఆస్ట్రేలియాలో ఆదివాసులకూ ఇదే జరిగింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 నాటి చట్ట సవరణ ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి తీసుకుపోయే అధికారాన్ని సర్కారీ బోర్డు చేతిలో పెట్టింది. క్వీన్స్‌లాండ్‌లో 1918లో పామ్ ద్వీపాన్ని ఆదివాసుల నిర్బంధ స్థావరంగా మార్చి, ఎదురు తిరిగినవాళ్లను అక్కడికి తరలించారు, పిల్లలను డార్మిటరీల్లో పెట్టారు. స్టువర్టుపురానికీ పామ్ ద్వీపానికీ మధ్య ఐదేళ్ల తేడా. వేల మైళ్ల దూరంలో ఉన్నా రెండూ ఒకే సామ్రాజ్యం ఆలోచన.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఆ జాతులు కాగితం మీద విముక్త జాతులయ్యాయి. స్టువర్టుపురానికి మాత్రం విముక్తి రాలేదు. 1991లో కూడా ఆ ఊరి పేరు సినిమా పోస్టర్ల మీద దొంగలకూ పోలీసులకూ చిరునామాగానే కనబడింది. బడిలో ఊరి పేరు చెప్పుకోవాల్సిన పిల్లవాడి మీద ఆ పోస్టరు ఎంత బరువో కొలిచినవాళ్లు లేరు.

ఆ బరువు పంచుకోవడానికి వెళ్లినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు హేమలతా లవణం. పల్నాటి వినుకొండ కవి గుర్రం జాషువా కూతురు. అంటరానితనాన్ని జీవితమంతా పద్యంతో ఎదుర్కొన్న తండ్రి ఇంట్లో పెరిగి, నాస్తికోద్యమ నాయకుడు గోరా ఇంటికి కోడలిగా వెళ్లారు. భర్త లవణం భూదానయాత్రలో వినోబా ప్రసంగాలను తెలుగులోకి అనువదించినవారు. వినోబా ఎదుట చంబల్ బందిపోట్లు ఆయుధాలు దించిన 1960 నాటి ఘట్టం ఆ దంపతులకు దారి చూపింది. 1970ల్లో ఇద్దరూ స్టువర్టుపురం చేరారు. సంస్కార్ సంస్థ పేరిట నేరవృత్తి వదిలిన కుటుంబాలకు బతుకుతెరువు వెతికారు, పిల్లలను చదువు వైపు తిప్పారు. పాసు అడగలేదు, హాజరు పిలవలేదు. ఇళ్లలో కూర్చుని మాట్లాడారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే బంతిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే పల్నాటి కవి కూతురికి ఆ పద్ధతి కొత్త కాదు.

ఈలోగా తెలుగునాట గురుకులాలొచ్చాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన ఆ ఏర్పాటు క్రమంగా దళిత, గిరిజన పిల్లల గడప దాకా వెళ్లింది. పిల్లలు ఇల్లు వదిలే చదువే ఇదీ. అయితే సెలవులకు ఇంటికి వెళ్లొచ్చు, వెళ్లి మళ్లీ రావాలనిపించేలా బడి ఉండాలి. అలా అనిపించేది చాలాసార్లు ఆటస్థలమే. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ భువనగిరి రాతిగుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. వెంట ఉన్నది ఖమ్మం జిల్లా దళిత బాలుడు ఆనంద్ కుమార్.

స్వచ్ఛంద సంస్థల్లో ఈ కిటుకు పట్టుకున్నది అనంతపురం రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ). 1969లో విన్సెంట్ ఫెర్రర్ ప్రారంభించిన ఆ సంస్థ బడులతో పాటు క్రీడాగ్రామాన్నీ కట్టింది. కరువు సీమ పిల్లల చేతికి హాకీ కర్ర, క్రికెట్ బ్యాట్ వచ్చాయి. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి టెన్నిస్ బడి తెరిచారు, అందులో రాకెట్ పట్టిన పిల్లలకు ఇంగ్లిష్, కంప్యూటర్ పాఠాలు కూడా ఉన్నాయి. నల్లమల చెంచుగూడేల్లోనూ ఆర్డీటీ పని ఉంది.

ఆస్ట్రేలియాలో ఇదే దారిన 2000లో పెర్త్‌లో క్లాంటార్ఫ్ ఫౌండేషన్ మొదలైంది. మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు జెరార్డ్ నీషమ్ పాతిక మంది ఆదివాసీ కుర్రాళ్లతో ఆరంభించాడు. వాళ్లను బడికి రప్పించింది ఫుట్‌బాల్. అదే ఏడు సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల స్వర్ణం గెలిచిన క్యాథీ ఫ్రీమన్ తల్లి పుట్టింది పామ్ ద్వీపంలోనే. 2007లో ఫ్రీమన్ తన పేరిట పిల్లల చదువు కోసం పెట్టిన సంస్థ తొలి పని అక్కడే చేసింది.

పల్నాడు జిల్లాలోనూ అలాంటి పిల్లలున్నారు. వెల్దుర్తి, మాచర్ల వైపు అడవి అంచున చెంచుగూడేలు, బొల్లాపల్లి వైపు సుగాలి తండాలు, ఊరూరా ఎరుకల, యానాదుల ఇళ్లు. అడవిలో పరుగు, గురి నేర్చుకునే పిల్లలకు మైదానం, కోచ్, కడుపునిండా తిండి దగ్గరలో ఉండాలి. పతకం ఒకరికే వస్తుంది. మైదానం ఊరందరిదీ అవుతుంది.

రాగాల వెంకట రాహుల్ స్టువర్టుపురం ఎరుకల బిడ్డ. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో బరువులెత్తడం నేర్చాడు. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. 2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌లో, కామన్వెల్త్ క్రీడల 85 కిలోల విభాగంలో అతని పేరు పిలిచారు. వందేళ్ల కింద స్టువర్టుపురంలో పేరు పిలిస్తే పలకడం శిక్ష. ఆ రోజు ఆ పిలుపుకు రాహుల్ స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187 ఎత్తి బదులిచ్చాడు. మొత్తం 338 కిలోలు. సమోవా లిఫ్టర్ డాన్ ఓపెలోగే 331 దగ్గర ఆగాడు.

ఆ క్రీడల గుర్తు నీలిరంగు కోలా. పేరు బొరోబి. ఆ నేల ఆదివాసులైన యుగంబే ప్రజల భాషలో కోలాకు ఉన్న మాటే అది. విజేతలకు పతకంతో పాటు ఆ బొమ్మనూ ఇచ్చారు. వేదిక మీద స్వర్ణం మెడలో వేసుకుని నిలబడ్డ స్టువర్టుపురం కుర్రాడికి అందినది ఆ యుగంబే మాటే.