మన ఊళ్ల ఫొటో స్టూడియోలు, ప్రెస్సులు

జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా బజారు వెంట నడుస్తుంటే ఒక షట్టర్ దుకాణం తప్పకుండా కనిపిస్తుంది. పైన బోర్డు మీద ఫొటో, వీడియో, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ, లామినేషన్, జిరాక్స్ అన్నీ ఒకే వరుసలో రాసి ఉంటాయి. లోపల ఒక కంప్యూటర్, వెనక నీలం తెర, పక్కన గొడుగు లైట్లు, కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్ ఫొటోల కోసం నిలబడ్డ నలుగురు. మన స్వర్ణోత్సవ సంచికలో సార్ల గురించి, హాస్టల్ గురించి, ఆటల గురించి రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను ఈ షట్టర్ చరిత్ర రాయాలనుకున్నాను. మన ప్రోగ్రెస్ కార్డులు, వార్షికోత్సవం కరపత్రాలు, పదో తరగతి గ్రూప్ ఫొటోలు అక్కడ పుట్టినవే. అవి తప్ప మన బాల్యానికి వేరే రుజువు పెద్దగా లేదు.

ఈ కథలో మొదట వచ్చే మనిషి నా వృత్తికి చెందినవాడే. రాజా దీన్‌దయాళ్ 1844లో ఉత్తరాదిన సర్ధనాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. కొలతలు, గీతలు తెలిసిన చెయ్యి కాబట్టే కావచ్చు, ఆయన ఫొటోల్లో గోడలు నిటారుగా నిలబడతాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుని 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చాడు. సికింద్రాబాద్‌లో ఆయన పెద్ద స్టూడియో నడిపాడు. దర్బారులు, వేటలు, మహళ్లు, సైన్యాలు, 1899-1900 కరువులో సహాయక పనులు, అన్నీ గాజు పలకల మీదికి ఎక్కించాడు. ఆయన 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,850కి పైగా ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అదే కాలంలో నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు కోసం వేసిన లైను అది. బొగ్గుతో పాటు కాగితం, సిరా, అచ్చు అక్షరాలు, మందులు కూడా ఈ పట్టాల మీదే మన వైపు రాసాగాయి. మన మూడు ఊళ్లలో రైలు లేనిది భూపాలపల్లి ఒక్కటే. అక్కడికి సరుకు ఇప్పటికీ రోడ్డు మీదే పోవాలి.

రైలు తెచ్చిన సరుకుతో రాజులే కాదు, పల్లెటూరి వాళ్లు కూడా పని చేశారనడానికి ఇనుగుర్తి సాక్ష్యం. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊరు కేసముద్రం స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంటుంది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు అక్కడే ముద్రణాలయం పెట్టి 1922లో 'తెనుగు' అనే వారపత్రిక మొదలుపెట్టారు. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చింది కూడా ఆ ఏడే. హైదరాబాద్ నుంచి సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ' రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉంది. ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో, కరెంటు లేని పల్లెలో, తామే రాసి, తామే అక్షరాలు పేర్చి, తామే అచ్చువేసి పోస్టుకు పంపడం అంటే ఆలోచించండి. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే కంటెంటు, డిజైను, ప్రింటింగు, డెలివరీ అన్నీ ఒకే ఇంట్లో. మనవైపు షట్టర్ దుకాణానికి మూలపురుషులెవరంటే నేను ఈ అన్నదమ్ముల పేరే చెబుతాను. దీన్‌దయాళ్‌కు నిజాం ఖజానా ఉంది. వీళ్లకు చందాదారులు తప్ప ఎవరూ లేరు. పత్రిక కొన్నేళ్లకు ఆగిపోయింది.

ఇక నా కంటితో చూసిన కాలానికి వస్తాను. 1970ల చివర, 80ల మొదట్లో స్టూడియో అంటే ఒక చీకటి గది, ఒక ఎర్ర బల్బు, మూడు ట్రేలు. కెమెరా యాషికాయో, అంతకుముందు తరం వాళ్లకైతే నల్లగుడ్డ కప్పుకునే చెక్క కెమెరాయో. 120 రోల్‌లో చదరపు ఫొటోలు పన్నెండే వస్తాయి. విదేశీ ఫిల్ముకు సుంకాలు, కొరత. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' రోల్ దొరికితే దొరికినట్టు. అందుకే ఫొటోగ్రాఫర్ మనల్ని అంతసేపు సతాయించేవాడు: గడ్డం దించు, భుజం తిప్పు, కదలకు. రెండోసారి నొక్కితే ఆ ఖర్చు ఆయనదే.

చీకటి గదిలో పని రసాయనమే. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిపిన డెవలపర్‌లో బొమ్మ తేలుతుంది, హైపోలో నిలబడుతుంది. ఆ తర్వాత చాలాసేపు పారే నీళ్లలో కడగాలి. హైపో పూర్తిగా పోకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ప్రింట్ పసుపెక్కి మాసిపోతుంది. పారే నీళ్లు జనగామలో ఎక్కడివి? ఎండాకాలం బిందెల లెక్కన కొనుక్కునే ఊరు మనది. దొరికినవి కూడా ఉప్పు నీళ్లే, ఆరితే తెల్ల మరకలు. నాలుగు బకెట్లు మార్చి కడిగి తీగ మీద ఆరేసేవాళ్లు. మన ఇళ్లలోని పాత ఫొటోలు తుప్పు రంగుకు తిరగడంలో కాలం తప్పు ఎంత ఉందో, మన ఊరి కరువు తప్పు కూడా అంతే ఉంది. ఈ సంగతి ఇంజనీరింగ్ చదివాకే నాకు అర్థమైంది.

గ్రూప్ ఫొటోలో తరగతి అంతా ఉండేది. కాపీ మాత్రం డబ్బు కట్టినవాళ్లకే. నెగెటివ్ స్టూడియోలోనే ఉండేది, కవర్ మీద నంబర్ వేసి రేకు డబ్బాలో పెట్టేవాళ్లు. అది దుకాణదారుడి ఆస్తి, రేపటి ఆర్డర్. ఆ ఆర్డర్ చాలాసార్లు చావు ఇంటి నుంచే వచ్చేది. పోయినాయనకు వేరే ఫొటో ఉండదు. దినాల్లోపు పెద్ద ఫొటో కట్టించి దండ వేయాలి. పదేళ్ల కిందటి పెళ్లి గ్రూప్‌లో మూడో వరుసలో ఉన్న ముఖాన్ని పట్టి, పెద్దది చేసి, నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది, భుజాల మీద లేని చొక్కా గీసి ఇచ్చేవాళ్లు. ఊళ్లో ఎన్ని గోడల మీద అలాంటి గీసిన చొక్కాలు ఉన్నాయో లెక్క లేదు.

ప్రెస్సు వేరే ప్రపంచం. ఇంగ్లీషు కంపోజింగ్‌కు రెండు పెట్టెల అక్షరాలు చాలు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల గళ్లు కావాలి. కంపోజిటర్ చెయ్యి చూడకుండానే 'క్ష' ఎక్కడుందో అందుకునేది. అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలను మనం వార్తాపత్రిక చదివినట్టు చదివేవాడు. చేజ్‌లో బిగించి ట్రెడిల్ మీద పెడితే కాలితో తొక్కుతూ ఒక్కో కాగితం అందించాలి. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా ఆ చప్పుడే. కరపత్రం అడుగున ప్రెస్సు పేరు ఉండాలని 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి చట్టం చెప్పేది. ఎన్నికల కాగితాల మీదైతే అచ్చువేసినవారి, వేయించినవారి పేర్లు రెండూ ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతుంది. రాజకీయం ఎప్పుడూ మరుగుతూ ఉండే మన ప్రాంతంలో ఆ చివరి పంక్తి ప్రెస్సు యజమానికి గుండెల మీద కుంపటి. వేస్తే ఒకరికి కోపం, వేయకపోతే మరొకరికి.

1990ల్లో రెండు ప్రపంచాలూ కలిశాయి. పేజ్‌మేకర్, అను, శ్రీలిపి ఫాంట్లు వచ్చాక సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. స్కానర్ వచ్చాక ఫొటో, అక్షరం ఒకే తెర మీదికి చేరాయి. ప్రెస్సు పెట్టినవాడు ఫొటో కూడా తీయసాగాడు, ఫొటోగ్రాఫర్ పెళ్లి కార్డు కూడా వేయసాగాడు. 1993లో శేషన్ ఓటరు గుర్తింపు కార్డుకు ఫొటో కావాలన్నాడు. అంతవరకు జీవితంలో ఒక్క ఫొటో దిగని ముసలమ్మలు కూడా ఆ పుణ్యాన కెమెరా ముందు కూర్చున్నారు.

సెల్‌ఫోన్ వచ్చి స్టూడియోలను ముంచిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. దెబ్బ అంతకుముందే, కలర్‌తోనే తగిలింది. బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీయడం, కడగడం, పెద్దది చేయడం అన్నీ ఊళ్లోనే. కూలీ డబ్బు ఊళ్లోనే మిగిలేది. కలర్ రోల్‌ను మాత్రం బస్సులో హనుమకొండకో హైదరాబాద్‌కో ల్యాబుకు పంపాలి. లాభంలో పెద్ద వాటా మిషన్ కొన్నవాడికి పోయింది. మనవాడు ఫొటో తీసి, కవర్ మోసే మనిషిగా మిగిలాడు. డిజిటల్ వచ్చినా అదే లెక్క. కోనికా 2006లో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది, కోడక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. మన షట్టర్ మాత్రం మూతపడలేదు. ఇవాళ పెళ్లి ఆల్బం అంటే కరిజ్మా. పన్నెండు అంగుళాలకు ముప్పై ఆరు షీట్లు. ఫొటో ఇక్కడ, డిజైన్ ఒక గదిలో కూర్చున్న కుర్రాడి దగ్గర షీట్‌కు ఇంత అని, ప్రింట్ పట్నం ల్యాబులో. కెమెరా ఈఎంఐ మాత్రం దుకాణదారుడి నెత్తిన.

మూడు ఊళ్లకు మూడు రకాల గిరాకీ. భూపాలపల్లి సింగరేణి ఊరు, ఆ పక్కనే చెల్పూరులో థర్మల్ కేంద్రం. నెల జీతాల మనుషులు కాబట్టి అడ్వాన్సు, బాకీ రెండూ టైముకు వస్తాయి. రిటైర్మెంట్ సన్మానాల ఫొటోలు, మెమెంటోలు ఏడాది పొడుగునా ఉంటాయి. మానుకోటలో మిర్చి, పత్తి ధర చూసుకుని ఆల్బం షీట్లు పెంచడమో తగ్గించడమో చేస్తారు. తండాల పెళ్లిళ్లు పెద్ద ఆదరువు. జనగామకు హైదరాబాద్ దగ్గర కావడమే లాభం, నష్టం కూడా: డబ్బున్నవాళ్లు పట్నం ఫొటోగ్రాఫర్‌ను తెచ్చుకుంటారు. ఇక ఎక్కడైనా ఒకటే జబ్బు. పెళ్లయ్యాక బాకీ కట్టక, ఆల్బం తీసుకుపోనివాళ్లు. అలాంటి ఆల్బంలు ప్రతి దుకాణం అటకమీదా ఉంటాయి. వేరేవాళ్లకు అమ్మలేని సరుకు అదొక్కటే.

2016 అక్టోబర్ 11, దసరా నాడు ఈ మూడు ఊళ్లూ ఒకేసారి జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ పేరు చివరి దాకా ఊగిసలాడి, ఆందోళనల తర్వాత చేరిందని మీకు గుర్తుండే ఉంటుంది. చరిత్రకారులు ఆ రోజును పరిపాలన సంస్కరణ అని రాస్తారు. మన షట్టర్ లెక్కలో అది రబ్బరు స్టాంపుల పండుగ. ప్రతి ఆఫీసుకూ కొత్త బోర్డు, లెటర్‌హెడ్, రశీదు పుస్తకం. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోగానే భూపాలపల్లి వాళ్లు ఇంకోసారి అచ్చువేయించుకున్నారు. వీటితో పాటు జీఎస్టీ, లాక్‌డౌన్, 2022 జూలైలో వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్ల నిషేధం. ఆ దుకాణాల్లో కూర్చున్న మన పాత మిత్రులు ఇవన్నీ దాటుకుంటూనే వచ్చారు.

పైన గుర్తుపెట్టుకోమన్న విషయానికి వస్తాను. నిజాం దర్బారు నెగెటివ్‌లు ఢిల్లీలో ఉన్నాయి. మనవి ఏమయ్యాయి? ఫిల్ములో వెండి ఉంటుంది. వాడేసిన హైపోలో కూడా ఉంటుంది. స్టూడియోలు కలర్‌కు మారినప్పుడు, ముసలాయన పోయి కొడుకు షట్టర్ అద్దెకిచ్చినప్పుడు, పాత నెగెటివ్ డబ్బాలు వెండి తీసేవాళ్లకు కిలోల లెక్కన పోయాయి. ఒక ఊరి పెళ్లిళ్లు, బడి గ్రూపులు, ఓటరు కార్డు ముసలమ్మలు అందరూ కలిసి కొన్ని గ్రాముల వెండి. అమ్మినవాళ్లను తప్పుపట్టలేను, అద్దె కట్టాల్సింది వాళ్లే. మిగిలినవి కూడా పాడవుతున్నాయి. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వస్తుంది, అది అసిటేట్ ఫిల్ము విరిగిపోతోందనడానికి గుర్తు. డిజిటల్ ఇంతకన్నా భద్రం అనుకోకండి. గత పదిహేనేళ్ల పెళ్లిళ్లన్నీ హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. తిరిగే డిస్కు వాడకుండా అలమారలో పెట్టినా ఎప్పటికీ ఉండదు. పైగా కొత్త సీజన్‌కు చోటు కావాలంటే పాతది చెరిపేయడమే మార్గం.

మన సంఘం చేతిలో ఉన్న పని చిన్నదే. మీ ఇంట్లో, మీకు తెలిసిన పాత స్టూడియోల్లో మన బడి నెగెటివ్‌లు ఉంటే శుభ్రం చేసే ప్రయత్నం చేయకుండా, అంచులు పట్టుకుని కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. తెల్లని తెర వెలిగించిన ట్యాబ్‌కు కొంచెం ఎత్తులో నెగెటివ్‌ను ఉంచి మంచి కెమెరాతో దగ్గర నుంచి తీస్తే ప్రింటుకు సరిపడా కాపీ వస్తుంది. దుకాణదారుడి పనికి కూలీ ఇవ్వండి, పాత పరిచయం మీద ఉచితంగా అడగొద్దు. ప్రింట్ ఉంటే వెనక పెన్సిల్‌తో, గట్టిగా ఒత్తకుండా, ఏ సంవత్సరం, ఏ సెక్షన్, ఎడమ నుంచి ఎవరెవరు అన్నది రాయండి. కాపీ కొనలేక ఆ రోజు డబ్బు కట్టనివాళ్ల పేర్లతో మొదలుపెట్టండి. ఆ ఫొటో వాళ్ల ఇళ్లలో లేదు.