ముత్తవ్వ పేరేమిటి?

వంశవృక్షం గీయమంటే మనవాళ్లు హుషారుగా కాయితం, కలం తీస్తారు. ముత్తాత, తాత, తండ్రి, కొడుకు అంటూ చకచకా నాలుగు తరాలు దిగిపోతారు. ఆడవాళ్లు లేకుండానే ఆ చెట్టు కాయలు కాసినట్టుంటుంది! పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ అంతే. ఫలానావారి మునిమనుమరాలు, ఫలానావారి మనుమరాలు, ఫలానావారి కూతురు అని ముగ్గురు మగవాళ్ల పేర్లు చెప్పి పిల్లను అప్పగిస్తారు. కన్నతల్లి పేరు అందులో రాదు.

విచిత్రమేమిటంటే, మూడు తరాల ఆడవాళ్ల పేర్లూ అడిగేది పితృకార్యంలోనే. 2015 గోదావరి పుష్కరాలకు మావాళ్లంతా ధర్మపురి వెళ్లాం. పిండాలు పెట్టేటప్పుడు పురోహితుడు "నాయనమ్మ పేరు?" అన్నాడు. తమ్ముడు చెప్పాడు. "ఆమె అత్తగారి పేరు?" అన్నాడు. తమ్ముడు బాబాయి మొహం చూశాడు, బాబాయి గోదావరి వంక చూశాడు. తాతను కన్న తల్లి, చిన్నతనంలోనే భర్త పోయినా సిరిసిల్లలో ఇల్లు నిలబెట్టిన మనిషి! ఆమె పేరు ఒక్కరికీ తెలియదు.

జగిత్యాలలో ఉన్న మేనత్తను అడిగాను. "పేరు వెట్టి ఎవలు పిలిచిన్రు బిడ్డా? కోరుట్లామె అనే అంటుండిరి" అంది. కోడలిని తల్లిగారి ఊరితో పిలవడం మావైపు రివాజు. పేరు పోయినా ఊరు మిగిలిందన్నమాట.

ఇక కాయితాలు. మన తాలూకాలు నేరుగా తెల్లవాళ్ల ఏలుబడిలో లేవు, నిజాం రాజ్యంలోవి. అందుకని ఇక్కడ వెదికే పద్ధతి వేరు. 1905కు ముందు కాయితమైతే జిల్లా పేరు కరీంనగర్ అని కాక ఎలగందుల అని ఉంటుంది. 1884 దాకా సర్కారు భాష ఫారసీ, ఆపైన ఉర్దూ. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా మన లెక్కకు వస్తుంది. 1320 ఫసలీ అంటే 1910-11. ఉర్దూ వచ్చిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టుకోవాలి. మనం నేర్చుకోవలసిన మాటలు మూడే. "వల్దే" అంటే ఫలానావారి కొడుకు, "జౌజే" అంటే భార్య, "బేవా" అంటే భర్త పోయిన స్త్రీ. ఆడమనిషి ఎక్కువగా కనిపించేది ఈ మూడో మాటతోనే. భర్త ఉన్నన్నాళ్లూ భూమి ఆయన పేర ఉంటుంది. ఆయన పోయి, పిల్లలు చిన్నవాళ్లైతే ఆమెను రాయక తప్పదు. మొగుడు పోతే గాని దస్తరంలో చోటు దొరకదన్నమాట! హైదరాబాదు రాజ్యంలో 1881లో మొదటిసారి జనాభా లెక్కలు తీశారు. ఆ పుస్తకాల్లో ఆడవాళ్లు ఎందరో ఉంటుంది, ఎవరెవరో ఉండదు.

అన్నట్టు, కోరుట్లలో ఆ రోజుల్లో చేతితో ముతక కాయితం చేసేవారు. పట్వారీలు లెక్కల పుస్తకాలకు దాన్ని వాడేవారు. మాకు దొరికిన పాత నకలు ఆ కాయితమో కాదో గాని, అందులో ముత్తాత పేరు, పక్కన "బేవా" అన్న మాట స్పష్టంగా ఉన్నాయి. ఆమె పేరుండాల్సిన చోటును మాత్రం చెద తినేసింది. చెదకు కూడా అదే చోటు దొరికింది!

చివరకు పేరు దొరికింది అటక మీద. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు సారె సామాను మీద పేరు కొట్టించడం మన ఇళ్లలో ఉన్నదే కదా. మూలన పడి ఉన్న ఇత్తడి గంగాళాన్ని చింతపండు పెట్టి తోమితే అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన ఆమె పేరు. మేనత్త కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "ఇది నా పేరే గద!" అంది.

నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టారు. అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదు కనుక, కన్నతల్లే ఆ పిల్లను "చిట్టి" అని పిలిచింది. చూసి ఊరంతా అలాగే పిలిచింది. ఎనభై ఏళ్లు వచ్చినా మేనత్త అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినబడలేదు. అది ఎవరి పేరో ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మీ ఇంట్లో చిట్టెమ్మలు, బుజ్జమ్మలు ఉంటే ముందు వాళ్ల అసలు పేరు అడగండి. మగ్గం పని మీద షోలాపూర్, భివండి పోయి స్థిరపడిన సిరిసిల్ల చుట్టాలుంటే వాళ్లకూ ఒక ఉత్తరం రాయండి. ఇక్కడ మరిచిపోయిన పేరు అక్కడి మనవరాలికి ఉండవచ్చు.

మాకిప్పుడు కోరుట్ల మిగిలింది. గంగాళం మీద ఉన్నది ఒక్క పొడి అక్షరమే. ఆ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు అక్కడ మూడున్నాయట. ముత్తవ్వ తల్లి ఆ మూడిళ్లలో దేనికి కోడలో తేలాలి. మోకాళ్ల నొప్పులున్నా సరే, తనూ వస్తానని మేనత్త సంచి సర్దుకుంటోంది.